ఇంజిన్ లైటు వెలిగితే సెన్సారు కొనకముందే చేయవలసిన పనులు

డ్యాష్‌బోర్డులో ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలగగానే బండిని షెడ్డుకు తీసుకువెళ్తాం. అక్కడ స్కానరు తగిలించి ఒక కోడ్ చదువుతారు, ఆ కోడ్ పక్కన ఏ సెన్సారు పేరు కనిపిస్తే దాన్నే మార్చేస్తారు. నాలుగు రోజులు తిరగకుండానే లైటు మళ్లీ వెలుగుతుంది. కోడ్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, రాసుకున్న ఫిర్యాదు మాత్రమే. ఆ ఫిర్యాదుకు కారణం సెన్సారే కానక్కరలేదు. తీగ కావచ్చు, ఎర్త్ (ఇంజిన్‌ను బ్యాటరీ నెగటివ్‌తో కలిపే పట్టీ) కావచ్చు, బ్యాటరీ కావచ్చు, పగిలిన గాలి గొట్టం కావచ్చు, రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్లు కూడా కావచ్చు. ఒక మల్టీమీటరు, ఒక చిన్న స్కానరు, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్న పొద్దుటిపూట ఒక గంట సమయం ఉంటే ఈ పరిశీలన చాలావరకు మీరే చేసుకోగలరు.

ఇలా నొక్కి చెప్పడానికి కారణమైన బండి ఒకటుంది. గుర్రంపోడు వైపు నుంచి నల్లగొండకు బత్తాయి లోడు తెచ్చే చిన్న పెట్రోల్ ట్రాలీ అది. కొన్ని వారాలుగా మైలేజీ పడిపోతూ వచ్చి, చివరికి లైటు వెలిగింది. ఇంజిన్ చల్లగా ఉన్నా రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. కోడ్ పీ0118, అంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సారు సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని అర్థం. నా దగ్గరకు వచ్చేసరికి ఆ సెన్సారును అప్పటికే రెండుసార్లు మార్చారు. వైరింగ్ కట్టకు చుట్టిన నల్ల టేపును కప్లర్ (సెన్సారుకు తగిలించే ప్లగ్గు) నుంచి జానెడు దూరం విప్పి చూస్తే, కింది వైపున ఒక తీగ మీద ఎలుక పళ్ల గాట్లు వరుసగా ఉన్నాయి. ఆ గాట్ల దగ్గర రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, ఒకటి రెండు పోగులు మాత్రమే అంటుకుని ఉన్నాయి. బండిని రాత్రిపూట గడ్డివాము పక్కన నిలిపేవారు. పాడైన ముక్క కత్తిరించి కొత్త తీగ కలిపి టంకం వేయడంతో ఆ కథ ముగిసింది. ఆ ఇంటివాళ్లు రెండు సెన్సార్లకు పెట్టిన డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ముందు కంప్యూటరు పని తెలుసుకోండి

ఈసీయూ ఇంజిన్‌ను చూడలేదు, వినలేదు. దానికి తెలిసేదల్లా తీగల మీద వచ్చే వోల్టేజీలు. క్రాంక్ షాఫ్ట్‌కు బిగించిన పళ్ల చక్రం తిరుగుతుంటే పక్కనున్న సెన్సారు ఒక్కో పంటికి ఒక్కో సంకేతం పంపుతుంది. చాలా ఇంజిన్లలో ఈ చక్రం మీద 60 పళ్లకు చోటుండి, వాటిలో 2 పళ్లు కావాలనే వదిలేసి ఉంటాయి. ఒక్కో పన్ను 6 డిగ్రీలు, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా క్రాంక్ ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకు తెలుస్తుంది. ఎంత గాలి లోపలికి వస్తున్నదో గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సారుగాని, గాలి ప్రవాహాన్ని కొలిచే మాఫ్ సెన్సారుగాని చెబుతుంది, కాలు ఎంత నొక్కారో పెడల్ సెన్సారు చెబుతుంది, కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి చెప్పడానికి వేరువేరు సెన్సార్లున్నాయి. వీటిని తన మెమరీలో ఉన్న పట్టికలతో పోల్చి, ఇంజెక్టరును ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో, స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే సెకనుకు 100 సార్లు ఈ నిర్ణయం జరగాలి.

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి కావాలి. వేసిన లెక్క సరిగ్గా వచ్చిందా లేదా అన్నది సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు చెబుతుంది, ఆ జవాబును బట్టి కంప్యూటరు పెట్రోలును కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ సరిచేసుకుంటుంది. చల్లని ఇంజిన్‌కు మాత్రం ఎక్కువ పెట్రోలు కావాలి. ట్రాలీ మైలేజీ ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమవుతుంది: తీగ పూర్తిగా తెగకముందు చిలుము వల్ల దాని నిరోధం పెరిగింది, కంప్యూటరుకు ఇంజిన్ ఉన్నదానికన్నా చల్లగా కనిపించింది, అది అవసరం లేని పెట్రోలు పోస్తూ పోయింది. తీగ దాదాపు తెగిపోయాక విలువ నమ్మదగినది కాదని గుర్తించి, కోడ్ రాసి, లైటు వెలిగించి, ఇంజిన్ వేడెక్కిపోకుండా జాగ్రత్తగా ఫ్యానును నిరంతరం తిప్పింది. కంప్యూటరు చేసిన పనిలో తప్పేమీ లేదు, దానికి అందిన సమాచారమే తప్పు.

లైటును చదవండి

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఈ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే ఆ బండిని అనుమానించండి. పాత బండి కొనేటప్పుడు ఈ ఒక్కటి తప్పకుండా చూడండి, ఎందుకంటే లోపం దాచడానికి లైటునే పనిచేయకుండా చేసి అమ్మేవారున్నారు. నడుస్తుండగా లైటు స్థిరంగా వెలిగి, బండి మామూలుగా లాగుతూ, వేడి ముల్లు, ఆయిల్ లైటు సరిగా ఉంటే మెల్లగా ఇంటికి చేరవచ్చు. లైటు ఆరుతూ వెలుగుతూ ఉండి ఇంజిన్ కుదుపుతుంటే పక్కకు ఆపండి. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక మిస్సింగ్ జరిగి, ఆ మండని పెట్రోలు పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని దాని అర్థం. కన్వర్టర్ పాడైతే ఖర్చు చాలా పెద్దది.

మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవి గుండా శ్రీశైలం వెళ్లేవారికి ఒక మాట. ఒక్కోసారి లైటుతో పాటు బండి పికప్ పూర్తిగా తగ్గి ఒక వేగం దాటకుండా నిలిచిపోతుంది. అది ఇంజిన్ చెడిపోకుండా కంప్యూటరు తనకు తానే పెట్టుకున్న పరిమితి. అటువంటప్పుడు బలవంతంగా తొక్కకుండా, వెడల్పున్న చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. పరిమితి తొలగినా ఘాట్ ఎక్కడం మానుకుని, షెడ్లు దొరికే వైపుకు తిరగడం మంచిది.

బ్యాటరీ, ఎర్త్ ముందు తేల్చుకోండి

స్కానరు చేతిలోకి తీసుకోకముందే మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా దాన్ని బాగుచేసే వరకు మరే కోడ్‌నూ నమ్మకండి, ఎందుకంటే తిండి సరిగా అందని కంప్యూటరు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు రాసి కూర్చుంటుంది.

ఆ తరువాత మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ ధ్రువానికి, ఎర్ర తీగను ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి ఆనించి ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. మీటరు 0.3 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందని అర్థం. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి. ఎన్నో బండ్ల రోగం ఇక్కడే కుదిరింది.

కోడ్‌ను చెరపకముందు రాసుకోండి

మన దేశంలో కార్లకు ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే గుర్తించి రాసుకునే వ్యవస్థ 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి ఆ తరువాత వచ్చిన కార్లన్నింటిలో స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర, 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4వ పిన్నుకు ఎర్త్ వస్తాయి. స్కానరే వెలగకపోతే ముందుగా ఆ సాకెట్ ఫ్యూజు చూడండి. చాలా కార్లలో సిగరెట్ లైటర్‌కూ దానికీ ఒకే ఫ్యూజు ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకులు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి, వాటిలో సాకెట్ సాధారణంగా సీటు కింద ఉంటుంది, వేరే అడాప్టర్ తీగ కావాలి.

ఫోనుతో కలిసే చిన్న బ్లూటూత్ స్కానరు మన పనికి సరిపోతుంది. కోడ్ మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేరుబాక్సులకు సంబంధించినది. తరువాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత అర్థం. దాని తరువాతి అంకె 1 లేదా 2 అయితే గాలి, ఇంధనం. 3 అయితే స్పార్క్, మిస్సింగ్. 4 అయితే పొగ నియంత్రణ. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ ఉంటుంది: లోపం పట్టుబడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్నవి అందులో నిలిచిపోతాయి. దాన్ని తప్పకుండా ఫోటో తీయండి. కోడ్ చెరిపేస్తే ఆ పేజీ కూడా చెరిగిపోతుంది, తరువాత ఎవరికి చూపించినా మళ్లీ మొదటి నుంచి వెతకవలసి వస్తుంది.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా చేసేవారు తక్కువ. రాత్రంతా నీడలో ఆగిన బండికి తాళం తిప్పండి, స్టార్ట్ చేయకండి. స్కానరులోని లైవ్ డేటా పేజీలో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. ఆ సమయంలో రెండూ బయటి వాతావరణంతో సమానంగా ఉండాలి, ఒకదానికొకటి అయిదు డిగ్రీలకు మించి తేడా రాకూడదు. తెల్లవారుజామున బయట 24 డిగ్రీలుంటే కూలెంట్ 9 చూపిస్తున్నదంటే, కోడ్ లేకపోయినా ఆ సర్క్యూట్‌లో లోపం మొదలైనట్టే.

మ్యాప్ సెన్సారు ఉన్న బండి అయితే అదే పేజీలో దాని విలువ చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి పీడనాన్ని చూపాలి. సముద్ర మట్టం దగ్గర అది 101 కిలోపాస్కళ్లు. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఆ సంఖ్యే చెబుతారు, దానితో పోల్చి సెన్సారు పాడైందనుకునేవారున్నారు. నల్లగొండ సుమారు 420 మీటర్లు, మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి కాబట్టి మనకు 95, 96 దగ్గర రావడమే సరైనది. అదే ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, పెడల్ నొక్కకుండా ఐడిల్‌లో ఉంచితే పెట్రోలు ఇంజిన్‌లో అది 30 నుంచి 40కి పడాలి.

ఇంజిన్ వేడెక్కే కొద్దీ కూలెంట్ విలువ జారుళ్లూ దూకుళ్లూ లేకుండా పెరిగి, 85 నుంచి 95 మధ్య నిలవాలి. 70 దగ్గరే ఆగిపోతే, ఇంజిన్ వేడెక్కే దాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకుని బిగిసిందనో, ఎవరో తీసేశారనో అనుకోవాలి. ఎండలకు భయపడి మన ప్రాంతంలో థర్మోస్టాట్ తీసి పారేయడం అలవాటుగా ఉంది, ఇంజెక్షన్ బండ్లలో ఇది పొరపాటు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

తరువాత ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు విలువలు చూడండి. వేసిన లెక్కకు కంప్యూటరు ఎంత శాతం కలుపుతున్నదో, తీసేస్తున్నదో అవి చెబుతాయి. రెండూ కలిపి కూడికగాని తీసివేతగాని 10 శాతం లోపు ఉంటే మంచిది. మాఫ్ సెన్సారు ఉన్న కారులో పీ0171, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అన్న కోడ్ వస్తే, ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి మరొకసారి ట్రిమ్ రాసుకోండి. ఐడిల్‌లో 20 ఉండి ఆర్‌పీఎం పెంచితే 5కు దిగితే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం పగిలి దొంగగాలి వస్తోంది. ఐడిల్‌లో బాగుండి ఆర్‌పీఎం పెంచినకొద్దీ పెరిగితే పెట్రోలు చాలినంత రావడం లేదు, లేదా మాఫ్ సెన్సారు దుమ్ము పట్టి గాలిని తక్కువగా చెబుతోంది. వరికోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల దారిలో తిరిగే బండ్లకు ఈ రెండోది ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు మార్చి, ఆ సెన్సారు కోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేయండి, దానిలోని సన్నని తీగను వేలితోగాని గుడ్డతోగాని తాకకండి.

తీగనా, సెన్సారా తేల్చే పరీక్ష

కూలెంట్ సెన్సారుకు, గాలి ఉష్ణోగ్రత సెన్సారుకు ఎక్కువగా రెండే తీగలుంటాయి. కంప్యూటరు ఒక తీగ మీద 5 వోల్టులు పంపి, సెన్సారు దాన్ని ఎంత కిందికి లాగుతుందో చూస్తుంది. వేడి పెరిగితే సెన్సారు నిరోధం తగ్గుతుంది. చాలా బండ్లలో అది 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది.

తాళం తిప్పి ఉంచి, స్కానరులో కూలెంట్ విలువ చూస్తూ సెన్సారు కప్లర్ ఊడదీయండి. విలువ మైనస్ 40కి పడాలి. ఆ తరువాత కప్లర్‌లోని రెండు గదులను సన్నని తీగతో ఒక్క క్షణం కలపండి, విలువ 130 దాటి పైకి ఎగరాలి. రెండూ జరిగితే కంప్యూటరు, తీగలు బాగున్నాయి, సెన్సారే పాడైంది, నిశ్చింతగా మార్చండి. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉంటే తీగ తెగింది, కొత్త సెన్సారు పెట్టినా ఉపయోగం లేదు. కొన్ని బండ్లలో కంప్యూటరు లోపం పసిగట్టగానే తన ఊహ విలువను చూపిస్తుంది. అటువంటప్పుడు ఊడదీసిన కప్లర్‌లో మల్టీమీటరుతో 5 వోల్టులు వస్తున్నాయా అని నేరుగా కొలవండి. తీగలు కలిపే ఈ పద్ధతి రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సార్లకు మాత్రమే. మూడు తీగల సెన్సారుకు చేస్తే 5 వోల్టుల సరఫరాయే షార్ట్ అవుతుంది. తాళం తిప్పి ఉండగా ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు కాబట్టి చేతులు, తువ్వాలు దూరంగా ఉంచండి.

తెగిన చోటు వెతకడానికి స్కానరు తెరను ఒకరు చూస్తుండగా మరొకరు వైరింగ్ కట్టను కప్లర్ నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు కదుపుతూ పోవాలి. విలువ ఎక్కడ దూకిందో అక్కడ టేపు విప్పండి.

సెన్సారు విప్పినప్పుడు దాని మొన మీద తెల్లని గార పేరుకుని ఉందేమో కూడా చూడండి. నల్లగొండ జిల్లా భూగర్భ జలాలనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది గాని, రేడియేటర్‌కు చేటు చేసేది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి అవి గార కట్టి సెన్సారు మొనను కప్పితే అసలు వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లు తగ్గి మొన గాలిలో తేలితే ఇంజిన్ ఉడుకుతున్నా సెన్సారు తక్కువే చూపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయండి, వేడిగా ఉన్నప్పుడు మూత తెరవకండి.

డీజిల్ బండి అయితే

పైన చెప్పిన బ్యాటరీ, ఎర్త్, ఉష్ణోగ్రత పరీక్షలన్నీ డీజిల్‌కూ వర్తిస్తాయి. ఇంజెక్టర్లకు ఎక్కువ పీడనంతో డీజిల్ అందించే కామన్ రైల్ గొట్టాలను మాత్రం ఏ పరిస్థితిలోనూ నడుస్తున్న ఇంజిన్ మీద విప్పకండి. పాత డీజిల్ ఇంజిన్లలో నట్టు వదులు చేసి గాలి తీసిన అలవాటుతో కొందరు ఇదే చేస్తారు. ఐడిల్‌లోనే 250 బార్‌లు దాటే పీడనం లోడు మీద 1600కు పైగా పోతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పీ0087, అంటే కామన్ రైల్‌లో పీడనం తక్కువ అన్న కోడ్ వస్తే మీరు చూడవలసింది డీజిల్ ఫిల్టరు, అందులో చేరిన నీళ్లు మాత్రమే. మిగతాది పరికరాలున్నవారికి వదిలేయండి. బీఎస్6 డీజిల్‌లో మసి ఫిల్టరు నిండిందని లైటు వస్తే ఊళ్లో తిప్పితే తగ్గదు. జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు 44వ నంబరు హైవే మీద ఆగకుండా, నిలకడైన వేగంతో ఇరవై నిమిషాలకు పైగా నడిపితే, కంప్యూటరు ఆ ఫిల్టరును 600 డిగ్రీల దాకా వేడిచేసి మసిని కాల్చివేయగలదు.

చెరిపి, నడిపి, మళ్లీ చూడండి

కారణం దొరికి బాగుచేశాక మాత్రమే కోడ్ చెరపండి. చెరిపిన వెంటనే లైటు ఆరడం బాగైనట్టు కాదు, ఎందుకంటే కంప్యూటరు తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, కొన్ని పరీక్షలు ఇంజిన్ పూర్తిగా చల్లారి మళ్లీ వేడెక్కితే తప్ప మొదలు కావు. మూడు నాలుగు రోజులు పొద్దున చల్లని స్టార్ట్‌తో, కొంత ఊళ్లో, కొంత హైవే మీద నడిపి, స్కానరులో రెడీనెస్ పేజీ తెరచి, పరీక్షలన్నీ పూర్తయ్యాయని కనిపించాక పెండింగ్ కోడ్‌లు, అంటే ఇంకా ఖాయం కాని కోడ్‌లు, ఉన్నాయేమో చూడండి. పెండింగ్‌లో అదే కోడ్ ఉంటే లైటు వెలగకముందే మీకు తెలిసిపోతుంది.

ఈ లోపల బండికి వెల్డింగ్ చేయించవలసి వస్తే బ్యాటరీ రెండు తీగలూ విప్పించండి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ లాగి ఆల్టర్నేటర్ పరీక్షించే పాత పద్ధతిని ఎవరినీ చేయనీయకండి, వాటర్ సర్వీసింగ్‌లో కప్లర్ల మీదికి ప్రెషర్ గన్ పట్టనీయకండి.

బండి బాగా నడుస్తున్న రోజున ఒక నోటుబుక్కులో ఈ విలువలు రాసిపెట్టుకోండి: చల్లగా ఉన్నప్పటి రెండు ఉష్ణోగ్రతలు, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడూ ఐడిల్‌లోనూ మ్యాప్ విలువ, వేడెక్కాక కూలెంట్ ఎక్కడ నిలిచిందో, ఐడిల్‌లోనూ 2500 దగ్గరా ట్రిమ్ ఎంతో, బ్యాటరీ మూడు వోల్టేజీలు. పక్కన తేదీ, కిలోమీటర్లు వేయండి. లైటు వెలిగిన రోజున మీ బండిని దాని పాత విలువలతోనే పోల్చి చూడవచ్చు, షెడ్డుకు వెళ్లినా ఆ పుస్తకాన్ని మెకానిక్ ముందు పెట్టి మాట్లాడవచ్చు.